బంటు ఎర, గుర్రం ఎర: వింత గ్యాంబిట్ల వెనుక లెక్క

తెలుపు మొదటి ఎత్తుగా మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపి డీ4లో పెట్టింది (తెలుపు వైపు నుంచి చూస్తే నిలువు వరసలకు ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు కింది నుంచి ఒకటి మొదలు ఎనిమిది దాకా అంకెలు). చెస్‌లో ఇంతకంటే మర్యాదైన ఆరంభం ఉండదు. జవాబుగా నలుపు ఈ5కి ఒక బంటును తోసింది. దానికి కాపలా లేదు. తీసుకోమని ముందు పెట్టినట్టుంది. తెలుపు తీసుకుంది. నలుపు గుర్రం సీ6కి వచ్చి ఆ ఈ5 బంటు మీద కన్నేసింది. తెలుపు గుర్రం ఎఫ్3కి వచ్చి దాన్ని కాపాడింది. నలుపు మంత్రి ఈ7కి దిగి ఒత్తిడి పెంచింది. దొరికిన బంటును వదలడం ఎందుకని తెలుపు తన బిషప్‌ను ఎఫ్4లో నిలబెట్టింది. అక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. నలుపు మంత్రి బీ4కి వచ్చి చెక్ చెప్పింది. బిషప్ డీ2కి వెనక్కి వచ్చి అడ్డుపడింది. మంత్రి బీ2 బంటును తినేసింది, ఇక ఏ1లో ఉన్న ఏనుగు మీద పడబోతోంది. ఇప్పుడు బిషప్‌ను సీ3కి జరిపితే ఏనుగుకు కాపలా, మంత్రి మీద దాడి, రెండూ ఒక్క ఎత్తులో అయిపోతాయి. పది మందిని అడిగితే చాలామంది చూపించే ఎత్తు అదే.

ఆట పోయేది కూడా ఆ ఎత్తుతోనే. నలుపు బిషప్ బీ4కి వస్తుంది. సీ3 బిషప్ వెనకాల రాజు ఉన్నాడు కాబట్టి అది పిన్‌లో పడింది, కదల్లేదు. మంత్రిని డీ2కి తెచ్చి కాపాడితే నలుపు బిషప్ సీ3లో కొడుతుంది. తెలుపు మంత్రి తిరిగి కొట్టగానే నలుపు మంత్రి సీ1లో దిగి ఆటకట్టు చేస్తుంది. మొత్తం ఎనిమిది ఎత్తులు. గుర్రంతో కొడితే ఆటకట్టు తప్పుతుంది గానీ ఏ1 ఏనుగు పోతుంది.

ఇదే ఎంగ్లుండ్ గ్యాంబిట్‌లోని పేరుమోసిన ఉచ్చు. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడేవాళ్ళలో దీనికి ఒక్కసారైనా బలికాని వాళ్ళు తక్కువ. మరి ఇంత పదునైన ఆయుధం చేతిలో ఉంటే పెద్ద ఆటగాళ్ళు డీ4కి జవాబుగా రోజూ దీన్నే ఎందుకు ఆడరు?

ముందు పేర్ల సంగతి. క్వీన్ ఇక్కడ మంత్రి, రూక్ ఏనుగు, నైట్ గుర్రం. బిషప్ దగ్గరికి వచ్చేసరికి కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. ఆ తగవులోకి దిగకుండా దాన్ని బిషప్‌గానే ఉంచడం మేలు. గ్యాంబిట్ అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. గాంబా అంటే కాలు, గాంబెట్టో అంటే కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేయడం. స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ 1561లో ఈ మాటను చెస్‌లోకి తెచ్చాడు. మాట పుట్టుకలో త్యాగం ఊసే లేదు, ఉన్నదల్లా ఎదుటివాడిని తూలేలా చేయడమే. ఇప్పుడు ఆరంభంలో ఒక బంటునో పావునో కావాలని వదులుకుని, బదులుగా ఇంకేదో సంపాదించే ప్రయత్నాన్ని గ్యాంబిట్ అంటున్నాం.

అసలు మెలిక ఆ 'ఇంకేదో' దగ్గరే ఉంది. వింత గ్యాంబిట్లన్నిటినీ ఒకే గాట కట్టి 'దుడుకు ఆటలు' అని కొట్టిపారేసేవాళ్ళున్నారు, 'ఘాటైన ఆయుధాలు' అని మోసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఒక తేడాను పట్టించుకోరు. ఇచ్చిన బంటుకు బదులుగా వచ్చేది రెండు రకాలు. మొదటిది బోర్డు మీద కనిపిస్తుంది: ముందుగా బయటికొచ్చిన పావులు, తెరుచుకున్న వరసలు, నడిబోర్డులో నిలిచిపోయిన శత్రు రాజు. రెండోది బోర్డు మీద ఎక్కడా కనిపించదు. అది ఎదుటివాడికి ఆ లైను, అంటే ఆ ఎత్తుల వరస, తెలియకపోవడం. మొదటిది ఎన్ని ఆటలు ఆడినా తరిగిపోదు. రెండోది వాడిన కొద్దీ తరుగుతుంది. ఒక గ్యాంబిట్ విలువ తేల్చాలంటే, ఉచ్చులో ఎవరూ పడలేదనుకుని, ఆ తర్వాత చేతిలో ఏం మిగిలిందో చూడాలి.

ఈ పరీక్షకు ఎంగ్లుండ్ నిలబడదు. అదే పొజిషన్‌లో, మంత్రి బీ2 బంటును తిన్నాక, తెలుపు బిషప్‌ను ముట్టుకోకుండా బీ1 గుర్రాన్ని సీ3కి తీసుకొస్తే చాలు, వల చిరిగిపోతుంది. నలుపు బిషప్ బీ4కి వచ్చినా తెలుపు ఏనుగు బీ1కి జరిగి మంత్రిని తరుముతుంది, అది ఏ3కి పోతే బీ3కి ఎక్కి మళ్ళీ తరుముతుంది. నలుపు మంత్రి ఒంటరిగా ఊరు తిరుగుతుంటే మిగతా పావులు ఇంట్లోనే కూర్చున్నాయి. తెలుపుకు ఇంకా సుఖమైన దారి కూడా ఉంది. నాలుగో ఎత్తులోనే బంటు మీద ఆశ వదులుకుని గుర్రాన్ని సీ3కి తేవడం. బంటు తిరిగి పోతుంది, కానీ ఆ గుర్రం తర్వాత డీ5కి దూకి ఈ7లో ఉన్న మంత్రిని లేపుతుంది. నలుపుకు బంటు దక్కినా ఆటలో వెనకబడే ఉంటుంది. అంటే ఎంగ్లుండ్‌లో పెట్టుబడి అంతా రెండో రకమే, ఎదుటివాడి తెలియనితనమే.

స్వీడన్‌కు చెందిన ఫ్రిట్జ్ ఎంగ్లుండ్ 1932లో ఈ ఆరంభంతోనే అన్ని ఆటలూ మొదలవ్వాలనే నియమంతో ఒక టోర్నమెంటుకు డబ్బు పెట్టాడు. పేరు అలా స్థిరపడింది. పేరు నిలిచినంత గట్టిగా గ్యాంబిట్ నిలవలేదు.

తెలియనితనం ఎలా ఖర్చయిపోతుందో చూడాలంటే స్టాఫర్డ్ గ్యాంబిట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఇద్దరూ రాజు ముందు బంట్లను రెండేసి గళ్ళు జరిపాక, తెలుపు గుర్రం ఎఫ్3కి, నలుపు గుర్రం ఎఫ్6కి వస్తాయి. తెలుపు ఈ5 బంటును కొడుతుంది. మామూలుగా ఇక్కడ నలుపు డీ6 ఆడి ఆ గుర్రాన్ని వెనక్కి పంపాలి. స్టాఫర్డ్‌లో నలుపు రెండో గుర్రాన్ని సీ6కి తెచ్చి మార్పిడికి పిలుస్తుంది. తెలుపు గుర్రం సీ6లో కొడుతుంది, నలుపు డీ7 బంటుతో తిరిగి కొడుతుంది. నలుపుకు ఒక బంటు తక్కువ, సీ వరసలో బంట్లు ఒకదాని వెనక ఒకటి. అయితే రెండు బిషప్‌లకూ దారులు తెరుచుకున్నాయి, మంత్రికి డీ వరస ఖాళీ అయింది.

ఇప్పుడు తెలుపు డీ3 ఆడి తన ఈ4 బంటును కాపాడుతుంది, నలుపు బిషప్ సీ5కి వస్తుంది. తెలుపు తన బిషప్‌ను జీ5లో పెట్టి గుర్రాన్ని మంత్రికి పిన్ చేస్తుంది, మామూలు అలవాటు అది. నలుపు గుర్రం పిన్‌ను లెక్కచేయకుండా ఈ4 బంటును కొడుతుంది. మంత్రి ఊరికే దొరుకుతోంది కదా అని తెలుపు డీ8లో కొడితే నలుపు బిషప్ ఎఫ్2లో చెక్ చెబుతుంది. రాజు ఈ2కి పోక తప్పదు. రెండో బిషప్ జీ4కి వచ్చి ఆట కట్టేస్తుంది. మంత్రి పోయినా గుర్రం, రెండు బిషప్‌లు కలిసి రాజును నడిబోర్డులో బిగించేశాయి. ఆశ తగ్గించుకుని డీ3 బంటుతో ఈ4 గుర్రాన్ని కొట్టినా లాభం లేదు. బిషప్ ఎఫ్2లో చెక్ చెబుతుంది, రాజు దాన్ని తింటే డీ1లో మంత్రి పోతుంది.

అమెరికన్ ఆటగాడు ఎరిక్ రోసెన్ తన వీడియోల్లో పదేపదే ఆడి చూపించడంతో 2020 ప్రాంతంలో ఈ గ్యాంబిట్ ఒక్కసారిగా అందరి నోళ్ళలో పడింది. పడ్డాక జరిగేది ఊహించొచ్చు. ఓడినవాళ్ళు వెళ్ళి జవాబు వెతుక్కున్నారు. జవాబు పెద్ద కష్టమైనదీ కాదు. డీ3 తర్వాత బిషప్‌ను జీ5కి పంపకుండా ఈ2లో పెట్టి, సీ3, డీ4 బంట్లతో ఆ సీ5 బిషప్ నోరు మూయించడమే. అది తెలిసినవాడి ముందు నలుపు దగ్గర మిగిలేది ఒక బంటు లోటు, ఒక చెడిన బంట్ల వరస. ఎంత ఎక్కువమంది దాన్ని నేర్చుకుంటే అది అంత తక్కువగా పనిచేస్తుంది. వింత గ్యాంబిట్‌కు కీర్తి వస్తే అదే దాని చావు.

టెనిసన్ గ్యాంబిట్‌లో ఒక లైనుకు ఇంటర్నెట్ జనం ఖండాంతర క్షిపణి అని పేరు పెట్టారు. దాని కథా ఇంతే. తెలుపు ఈ4, నలుపు డీ5. తెలుపు గుర్రం ఎఫ్3కి వస్తుంది, నలుపు ఈ4 బంటును తింటుంది, తెలుపు గుర్రం జీ5కి దూకుతుంది. నలుపు గుర్రం ఎఫ్6కి, తెలుపు డీ3, నలుపు దాన్నీ తింటుంది, తెలుపు బిషప్ డీ3లో తిరిగి కొడుతుంది. ఇక్కడ నలుపు హెచ్6 ఆడి గుర్రాన్ని అదిలిస్తే అది ఎఫ్7లో పడుతుంది. రాజు దాన్ని తినగానే బిషప్ జీ6లో చెక్. రాజు దాన్నీ తింటే డీ8లో మంత్రి పోయినట్టే. చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకోవాలి. హెచ్6 ఆడకపోతే మాత్రం క్షిపణి పేలదు.

పొజిషన్ మీద పెట్టే పెట్టుబడి దగ్గరికి వస్తే లెక్క తేలిగ్గా తెగదు. పాత పుస్తకాల్లో ఒక కొలత ఉండేది: మూడు ఎత్తుల ఆధిక్యం ఒక బంటుకు సమానం. పూర్తి నిజం కాకపోయినా చేతిలో పెట్టుకోదగిన కొలబద్దే. దాన్ని బ్లాక్‌మార్–డీమర్ గ్యాంబిట్‌కు పెట్టి చూడొచ్చు. తెలుపు డీ4, నలుపు డీ5, తెలుపు ఈ4 తోసి బంటును ఎర వేస్తుంది. నలుపు తింటుంది. తెలుపు గుర్రం సీ3కి, నలుపు గుర్రం ఎఫ్6కి. ఇప్పుడు తెలుపు ఎఫ్3 ఆడి బంటును అసలైన గ్యాంబిట్‌గా మారుస్తుంది. నలుపు ఎఫ్3లో తింటుంది, తెలుపు గుర్రం తిరిగి తింటుంది.

ఇక్కడ ఆగి లెక్కబెడితే తెలుపుకు రెండు గుర్రాలు బయట ఉన్నాయి, నలుపుకు ఒకటే. తెలుపు బిషప్‌లు రెండింటికీ దారి తెరిచే ఉంది, నలుపు బిషప్ ఒకటి ఈ7 బంటు వెనక ఇరుక్కుంది. కాస్లింగ్ (రాజును ఒక పక్కకు జరిపి ఏనుగును దాని అవతలికి తెచ్చే ఎత్తు) చేస్తే తెలుపు ఏనుగుకు ఎఫ్ వరస సగం తెరుచుకుని దొరుకుతుంది. అయితే ఆడే వంతు నలుపుది. మూడు ఎత్తుల కొలబద్ద ప్రకారం ఇక్కడ బంటు ధర పూర్తిగా రాలేదు. ఇంజిన్లు, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు, చెప్పేదీ అదే, నలుపుకే మొగ్గు. కానీ ఎంగ్లుండ్‌లా చేతులు ఖాళీ కాలేదు. ఎఫ్ వరస నిజంగా ఉంది, ఈ5 గడి మీద పట్టు నిజంగా ఉంది. నలుపుకు జవాబులు తెలిసినా తెలుపు దాడి ఆగదు, కాకపోతే పదును తగ్గుతుంది.

ఈ గ్యాంబిట్ పేరులో ఇద్దరున్నారు. ఆ ఇద్దరి మధ్య తేడాలోనే ఒక పాఠం ఉంది. అమెరికాకు చెందిన ఆర్మండ్ బ్లాక్‌మార్ 1882లో దీన్ని అచ్చులో పెట్టాడు. ఆయన మూడో ఎత్తులోనే ఎఫ్3 ఆడేవాడు. దానికి నలుపు ఈ5 అని ఎదురు కొడితే తెలుపు చిక్కుల్లో పడుతుంది. ఆ బంటును తింటే మంత్రులు మారిపోతాయి, డీ1లో రాజుతో తిరిగి కొట్టక తప్పదు, కాస్లింగ్ పోతుంది. దాడి కోసం బంటు ఇచ్చినవాడికి మంత్రులు లేని బోర్డు మిగిలితే అంతకంటే అన్యాయం ఉండదు. జర్మనీకి చెందిన ఎమిల్ యోసెఫ్ డీమర్ ముందు గుర్రాన్ని సీ3కి తేవడం ప్రచారం చేశాడు. అప్పుడు మంత్రులు మారినా డీ1లో గుర్రంతో కొట్టొచ్చు, ఈ5 జవాబు మొద్దుబారుతుంది. ఒక్క ఎత్తు వరస మార్చడంతో పనికిరాని గ్యాంబిట్ ఆడదగినదైంది. డీమర్ దీన్ని ఒక ఉద్యమంలా మోశాడు, క్లబ్ ఆటగాళ్ళలో దీనికి భక్తులు ఇప్పటికీ ఉన్నారు.

ఆ భక్తుల్లో కొందరికి ఒక బంటు చాలలేదు. ఐదో ఎత్తులో ఎఫ్3 బంటును గుర్రంతో కాకుండా మంత్రితో కొట్టి డీ4 బంటును కూడా వదిలేస్తారు, దాన్ని రైడర్ గ్యాంబిట్ అంటారు. నలుపు మంత్రి డీ4లో తింటుంది, తెలుపు బిషప్ ఈ3కి వచ్చి తరుముతుంది. అది బీ4కి పోతే తెలుపు మంత్రి వైపు కాస్లింగ్ చేస్తుంది. ఇప్పుడు బిషప్‌ను జీ4కి పంపితే మంత్రి, ఏనుగు రెండూ ఒకే గీత మీద చిక్కాయని నలుపు మురిసిపోవచ్చు. తెలుపు గుర్రం బీ5కి దూకుతుంది. మంత్రిని తింటే గుర్రం సీ7కి వచ్చి ఆటకట్టు. డీ వరసలో కూర్చున్న ఏనుగు రాజు పక్క గళ్ళను కాపలా కాస్తుంటుంది. రెండు బంట్లు ఇచ్చి ఇలాంటి ఒక్క క్షణం కోసం ఎదురుచూడటం తెలివైన పనేనా అంటే, కాదు. అందమైన పనేనా అంటే, సందేహం లేదు.

బంట్ల దగ్గర ఆగని గ్యాంబిట్లు ఇంకో తెగ. వీటిలో గుర్రాన్నో బిషప్‌నో ఆరంభంలోనే పారేస్తారు. హాలోవీన్ గ్యాంబిట్ పేరు చాలామందికి తెలుసు. రెండు వైపులా గుర్రాలు నాలుగూ బయటికొచ్చి అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు, నాలుగో ఎత్తులో తెలుపు గుర్రం ఈ5 బంటును తింటుంది. సీ6 గుర్రం దాన్ని తిరిగి తినేస్తుంది. ఒక గుర్రానికి బదులు ఒకే ఒక్క బంటు. ఆ తర్వాత తెలుపు డీ4 తోసి ఒక గుర్రాన్ని జీ6కి తరుముతుంది, ఈ5 తోసి రెండో గుర్రాన్ని పుట్టిన గడి జీ8కే పంపేస్తుంది. బోర్డు చూస్తే నలుపు ఆరు ఎత్తులు ఆడి సంపాదించింది ఏమిటో అర్థం కాదు.

లెక్క చూస్తే మాత్రం తెలుపు ఇచ్చింది నికరంగా రెండు బంట్ల విలువ. దానికి సరిపడా ఎత్తుల ఆధిక్యం ఇక్కడ లేదు. నలుపు భయపడకుండా ఉంటే చాలు. తెలుపు బిషప్ సీ4కి వచ్చినప్పుడు డీ5 అని బంటు తోసి కొంత తిరిగి ఇచ్చేయాలి. బిషప్ దాన్ని తింటే సీ6 ఆడి మళ్ళీ తరమాలి. ఒక బంటు పోయినా బిషప్ దారి తెరుచుకుంటుంది, పావులు బయటికొస్తాయి, గుర్రం లాభం మిగిలే ఉంటుంది. వచ్చిన సొమ్ములో కొంత వెనక్కి ఇచ్చి నెమ్మది కొనుక్కోవడం, గ్యాంబిట్లన్నిటి ముందూ పనిచేసే రక్షణ ఇదే. చిక్కంతా మనిషి మనసుతోనే. దొరికిన గుర్రం మొత్తం మిగుల్చుకోవాలనే ఆశతో మూడు ఎత్తులు వెనక్కి వెనక్కి ఆడి ఓడేవాళ్ళే ఎక్కువ. 1990లలో ఇంటర్నెట్‌లో బ్రౌజ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఈ గ్యాంబిట్‌ను వరసగా ఆడి ఎంతోమందిని ఓడించింది. సిద్ధాంతంలో తప్పైన ఆటను తప్పు చేయని యంత్రం ఆడుతుంటే ఎదుటి మనిషికి టెన్షన్ మామూలుగా ఉండదు.

జెరోమ్ గ్యాంబిట్ ముందు హాలోవీన్ కూడా పొదుపే. అమెరికాకు చెందిన అలోంజో వీలర్ జెరోమ్ 1874లో దీన్ని ప్రచురించాడు. ఇటాలియన్ ఆరంభంలో తెలుపు బిషప్ ఎఫ్7లో పడుతుంది, రాజు తింటాడు. గుర్రం ఈ5లో పడుతుంది, దాన్నీ తింటారు. అప్పుడు మంత్రి హెచ్5లో చెక్ చెప్పి ఇచ్చిన రెండు పావుల్లో ఒకదాన్ని రాబట్టుకునే ప్రయత్నం చేస్తుంది. ఆ కాలపు ఇంగ్లండ్ మేటి ఆటగాడు జోసెఫ్ బ్లాక్‌బర్న్ ముందు ఒకాయన ఈ సాహసం చేశాడు. బ్లాక్‌బర్న్ దానికి తగిన గౌరవమే ఇచ్చాడు. రెండు ఏనుగులనూ, మంత్రినీ వదిలేసి, రెండు బిషప్‌లు, ఒక గుర్రంతో ఆట కట్టేశాడు. గ్యాంబిట్ వేసినవాడి మీద అంతకంటే పెద్ద గ్యాంబిట్ పడింది. జెరోమ్‌ను ఇవాళ సీరియస్‌గా ఎవరూ ఆడరు, ఆ ఆటను మాత్రం అందరూ చూస్తారు.

ఇక పరీక్షకు నిలిచినవి. ఆల్బిన్ కౌంటర్ గ్యాంబిట్‌లో డీ4, డీ5, సీ4 తర్వాత నలుపు ఈ5 తోస్తుంది. తెలుపు తింటే డీ4కి బంటును ముందుకు పంపుతుంది. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది, దానికి ప్రపంచ ఛాంపియన్ ఇమాన్యుయేల్ లాస్కర్ పేరు. తెలుపు ఆ డీ4 బంటును కదిలించాలని ఈ3 ఆడితే నలుపు బిషప్ బీ4లో చెక్ చెబుతుంది. తెలుపు బిషప్ డీ2లో అడ్డుపడగానే డీ4 బంటు ఈ3లో తింటుంది. తెలుపు బీ4 బిషప్‌ను తింటే బంటు ఎఫ్2లో చెక్ చెబుతూ దిగుతుంది. రాజు ఈ2కి పోతే ఆ బంటు జీ1లో గుర్రాన్ని తిని చివరి వరసకు చేరుతుంది. మంత్రిగా మారితే తెలుపు డీ8లో మంత్రిని కొట్టి బయటపడుతుంది. అందుకే అది మంత్రిగా కాదు, గుర్రంగా మారుతుంది, చెక్ చెబుతూ. ఏనుగు ఆ గుర్రాన్ని తింటే బిషప్ జీ4కి వస్తుంది, రాజు వెనకాలున్న మంత్రి పోతుంది. ఏడో ఎత్తులో బంటు గుర్రంగా మారడమే సరైన ఎత్తు కావడం చెస్ మొత్తంలో అరుదు.

అయితే ఆల్బిన్ ఈ ఉచ్చు మీద బతకడం లేదు. తెలుపు సరిగ్గా గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చినా ఆ డీ4 బంటు తెలుపు గొంతులో ముల్లులా నిలబడే ఉంటుంది. 1893లో న్యూయార్క్‌లో అడాల్ఫ్ ఆల్బిన్ దీన్ని లాస్కర్ మీద ఆడాడు. వందేళ్ళు దాటాక, 2000ల మొదట్లో, రష్యా గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ మొరోజెవిచ్ ఈ గ్యాంబిట్‌ను అటక మీద నుంచి దించి పెద్ద టోర్నమెంట్లలో పెద్దవాళ్ళ మీద ఆడాడు. రెండో గుర్రాన్ని ఈ7కి పంపి, అక్కడి నుంచి జీ6కి చేర్చి ఈ5 బంటును తిరిగి గెలవడం ఆయన పద్ధతి. ఇందులో వల లేదు, పథకం ఉంది.

బుడాపెస్ట్ కూడా ఆ కోవదే. డీ4, గుర్రం ఎఫ్6, సీ4, అప్పుడు ఈ5. తెలుపు తింటే గుర్రం జీ4కి దూకి బంటును తిరిగి అడుగుతుంది. ఉచ్చు దీనిలోనూ ఉంది. తెలుపు బిషప్ ఎఫ్4లో, గుర్రాలు ఎఫ్3, డీ2లలో ఉండగా నలుపు మంత్రి ఈ7లో, బిషప్ బీ4లో కూర్చుంటాయి. తెలుపు ఏ3 ఆడి బిషప్‌ను అదిలిస్తే నలుపు పట్టించుకోకుండా జీ4 గుర్రంతో ఈ5 బంటును తింటుంది. ఆశపడి బీ4 బిషప్‌ను తిన్నారా, గుర్రం డీ3లోకి దిగి ఆటకట్టు. ఈ2 బంటు మంత్రి చూపుకు పిన్ అయి కదల్లేదు, రాజు చుట్టూ సొంత పావులే గోడ కట్టాయి. తెలుపు బిషప్‌ను ముట్టుకోకుండా ఈ5లో గుర్రాలు మార్చుకుంటే ఏ ప్రమాదమూ లేదు. అప్పుడేమైంది? నలుపు బంటు తిరిగి వచ్చేసింది, తెలుపుకు కొంచెం మెరుగైన ఆట మిగిలింది, అంతే. వల చిరిగినా బోటు మునగలేదు. 1918లో బెర్లిన్‌లో మిలాన్ విడ్మార్ దీన్ని అకీబా రూబిన్‌స్టీన్ మీద ఆడి 24 ఎత్తుల్లో గెలిచాడు. రూబిన్‌స్టీన్ అప్పట్లో ప్రపంచంలో మొదటి వరస ఆటగాడు.

వింత ఆరంభాల్లో పేర్లే ఒక వినోదం. స్విట్జర్లాండ్ ఆటగాడు హెన్రీ గ్రాబ్ మొదటి ఎత్తులోనే జీ4 తోసేవాడు. డీ5, బిషప్ జీ2 తర్వాత నలుపు ఆ జీ4 బంటును తింటే సీ4 తోసి డీ5 బంటును పక్కకు లాగడం ఆయన గ్యాంబిట్. అది సీ4లో తిందా, జీ2 బిషప్ బీ7 బంటును మింగి ఏ8 ఏనుగు మీద కూర్చుంటుంది. నలుపు వైపు నుంచి అదే పిచ్చి పని చేసి మొదటి ఎత్తులో జీ5 తోస్తే దాన్ని బోర్గ్ అంటారు. ఇంగ్లిష్ అక్షరాల్లో గ్రాబ్‌ను వెనక నుంచి చదివితే బోర్గ్. ఎలిఫెంట్ గ్యాంబిట్ పేరు వింటే తెలుగువాడికి ఏనుగును బలి ఇస్తారేమో అనిపిస్తుంది. ఇచ్చేది బంటే, ఏనుగు మూలలోంచి కదలదు.

తెలియనితనం ఖర్చవుతుందని పైన అనుకున్నాం. అది మళ్ళీ పోగవుతుంది కూడా. ఒక గ్యాంబిట్‌ను అందరూ నేర్చుకుని, దాన్ని ఆడటం మానేస్తే, కొన్నేళ్ళకు దాని జవాబులు కూడా మరుగున పడతాయి. ఎవాన్స్ గ్యాంబిట్ 19వ శతాబ్దంలో ప్రతివాడూ ఆడింది, ఆ తర్వాత పాతబడి మూలకు చేరింది. 1995లో రీగాలో కాస్పరోవ్ దాన్ని విశ్వనాథన్ ఆనంద్ మీద బయటికి తీశాడు. ఆనంద్ బిషప్‌ను ఈ7కి వెనక్కి లాగి జాగ్రత్తగా ఆడబోయాడు, 25 ఎత్తుల్లో ఆట ముగిసింది. కాస్పరోవ్‌కు ఆ గ్యాంబిట్ సంపూర్ణమని నమ్మకం ఉండక్కర్లేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర తన సన్నద్ధత ఎక్కువని తెలిస్తే చాలు. బాబీ ఫిషర్ కథ ఇంకో కోణం. 1960లో కింగ్స్ గ్యాంబిట్‌లో స్పాస్కీ చేతిలో ఓడి, 1961లో ఆ గ్యాంబిట్ ఓడిపోయేదేనని వ్యాసం రాసిన ఫిషర్, కొన్నేళ్ళకే తెల్లపావులతో తానే దాన్ని ఆడాడు. గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చే లైను కాదు, బిషప్‌ను సీ4కి తెచ్చే లైను.

కాక్రేన్ గ్యాంబిట్ ఈ రెండు రకాల పెట్టుబడికీ సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. జాన్ కాక్రేన్ స్కాట్లండ్ మనిషి, కలకత్తాలో బారిస్టరు. అక్కడ ఆయనకు ఎన్నో ఆటల్లో ప్రత్యర్థి మహేశ్‌చంద్ర బెనర్జీ. చెస్‌లో 'ఇండియన్ డిఫెన్స్' అనే మాట పుట్టిందే బెనర్జీ ఆటల వల్ల. పెట్రోవ్ ఆరంభంలో (స్టాఫర్డ్ మొదలయ్యేదీ ఇలాగే) తెలుపు గుర్రం ఈ5 బంటును తిన్నాక నలుపు డీ6 ఆడి దాన్ని పొమ్మంటుంది. గుర్రం వెనక్కి పోదు, ఎఫ్7లోకి దూకుతుంది. రాజు తింటాడు. 1848లో కలకత్తాలో కాక్రేన్ ఇదే ఆడాడు. ఒక గుర్రానికి రెండు బంట్లు, పైగా నడిబోర్డులోకి వచ్చిన రాజు, ముందుకు నడవగల తెల్ల బంట్ల గుంపు. హాలోవీన్ కంటే ఇక్కడ జమ ఎక్కువ. తర్వాత తెలుపు డీ4 ఆడితే నలుపు గుర్రం ఈ4 బంటు మీద ఆశపడకూడదు. మంత్రి హెచ్5లో చెక్ చెబుతుంది, నలుపు జీ6తో అడ్డుపడితే మంత్రి డీ5కి జరిగి రాజు మీదా గుర్రం మీదా ఒకేసారి పడుతుంది.

1999లో లినారెస్ టోర్నమెంటులో వెసెలిన్ టొపలోవ్ తెల్లపావులతో కూర్చున్నాడు. ఎదురుగా, ఆ మరుసటి ఏడాదే కాస్పరోవ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ కాబోయే వ్లాదిమిర్ క్రామ్నిక్. పెట్రోవ్ ఆరంభం వచ్చింది. నాలుగో ఎత్తులో టొపలోవ్ గుర్రం ఎఫ్7లో దిగింది. క్రామ్నిక్ రాజుతో దాన్ని తిన్నాడు, టొపలోవ్ డీ4 తోశాడు. కలకత్తాలో 151 ఏళ్ళ కిందట ఒక బారిస్టరు వేసిన ఎర అది. క్రామ్నిక్ చేతిలో ఒక గుర్రం ఎక్కువే ఉంది, ఎదురుగా తెల్ల బంట్లూ ఉన్నాయి. ఆట డ్రా అయింది.